ఒక గ్లాసు మంచినీళ్ళు - నలభై రెండు వేలు

క్రితం సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అక్క కూతురు నా ల్యాప్‌టాపు మీద గ్లాసుడు మంచినీళ్ళు ఒలకబోసింది. పిల్లదాని తప్పేం లేదు లెండి, కీబోర్డు పక్కనే గ్లాసు పెట్టుకుని కూర్చునే దరిద్రపు అలవాటు నాది. "ఎండలో పెడితే బాగైపోతుందా మావయ్యా?" అని ఏడుపు మొహంతో అడిగింది. అయిపోతుందనే చెప్పా. అవలేదు.

హైదరాబాదు తిరిగొచ్చాక కంపెనీ వాళ్ళ సర్వీసు సెంటరుకి పట్టుకెళ్ళా. కౌంటర్లో కుర్రాడు అడుగు మూత తీసి టార్చి వేసి చూసి, "లిక్విడ్ డ్యామేజీ సర్, వారంటీలో రాదు" అన్నాడు. చూసి చెప్పినందుకు 590 రూపాయలు. ఎస్టిమేటు చేతికిచ్చాడు. మదర్‌బోర్డు 29,800. కీబోర్డుతో కలిసి వచ్చే పై కవరు 6,200. దానిమీద 18 శాతం జీఎస్టీ. వెరసి 42,480 రూపాయలు. రెండేళ్ళ కిందట నేను ఆ మిషను కొన్నది 68,000కి!

"బోర్డులో ఏం పోయిందండీ?" అని అడిగా.

"అది మేం చూడం సర్. బోర్డు మార్చడమే."

నిజం చెప్పాలంటే 42 వేల కన్నా ఈ "మేం చూడం" అన్న మాటే నన్ను ఎక్కువ గుచ్చింది. ప్రొడక్షన్లో ఏదైనా పగిలితే రాత్రి రెండింటికి లేచి లాగులు చదివి, తప్పు ఏ లైనులో ఉందో పట్టుకోవడం మన ఉద్యోగం. "ఎక్కడ తప్పో చూడను, సర్వరు మొత్తం కొత్తది కొనండి" అంటే మన మేనేజరు ఊరుకుంటాడా? మరి ల్యాప్‌టాపు దగ్గరకొచ్చేసరికి ఇది మామూలు విషయం ఎలా అయిపోయింది? ఎప్పుడయింది? ఆ వారమంతా ఖాళీ దొరికినప్పుడల్లా దీని వెనకే పడ్డా. తేలిందేంటంటే, ఇది మొదట్నుంచీ ఇలా లేదు. దీనికో చరిత్ర ఉంది. అదే ఈ టపా. కాస్త పొడుగే, ఓపిక చేసుకోండి.

కథ కంప్యూటర్ల కన్నా ముందే మొదలవుతుంది. ఐబీఎం వాళ్ళు కార్డులకి చిల్లులు పెట్టి లెక్కలు చేసే యంత్రాలు తయారుచేసే రోజుల్లో వాటిని ఎవరికీ అమ్మేవాళ్ళు కాదు, అద్దెకే ఇచ్చేవాళ్ళు. మిషను వాళ్ళదే, రిపేరూ వాళ్ళదే. 1952లో అమెరికా ప్రభుత్వం దీనిమీద గుత్తాధిపత్యం కేసు వేసింది. 1956 జనవరిలో రాజీ కుదిరింది. ఆ ఒప్పందం ప్రకారం ఐబీఎం తన మిషన్లని అద్దెకే కాదు, అమ్మకానికి కూడా పెట్టాలి. అంతేకాదు, కొన్నవాళ్ళకీ, బయట రిపేర్లు చేసుకునేవాళ్ళకీ విడిభాగాలూ, మాన్యువళ్ళూ ఇవ్వాలి. గమనించారా? ఈ మధ్య అందరూ "రైట్ టు రిపేర్" అంటూ కొత్త విషయంలా చెప్పుకుంటున్నది దాదాపు డెబ్భై ఏళ్ళ కిందటే కోర్టు కాగితాల్లో ఉంది. ఆ షరతుల్లో మిగిలినవాటిని 1996లో కుదిరిన మరో ఒప్పందంతో మెల్లిగా ఎత్తేసుకుంటూ వచ్చి 2001కల్లా ముగించేశారు.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. దానికి టెక్నికల్ రిఫరెన్సు అని ఒక పుస్తకం అమ్మేవాళ్ళు. అందులో బోర్డు సర్క్యూటు బొమ్మలున్నాయి, బయాస్ సోర్సు కోడుతో సహా అచ్చువేశారు. ఏ చిప్పు ఎక్కడుందో, ఏ కాలు దేనికి కలిసిందో, డబ్బులిచ్చి పుస్తకం కొన్న ఎవడికైనా తెలుస్తుంది. ఐబీఎం వాళ్ళేదో దానకర్ణులని కాదు. బయటివాళ్ళు కార్డులూ, ప్రోగ్రాములూ తయారుచేస్తేనే మిషను అమ్ముడవుతుంది కాబట్టి. కాంపాక్ వాళ్ళు ఆ బయాసుని కాపీ కొట్టకుండా, అలాగే పనిచేసేదాన్ని సొంతంగా రాసుకుని, 1983లో తమ పోర్టబుల్‌ని మార్కెట్లోకి తెచ్చారు. బరువు 12 కిలోల పైమాట. పోర్టబుల్ అంటే మరి చెయ్యి ఊడినా సరే మోసుకెళ్ళొచ్చని అర్థం కాబోలు :)

అంతకుముందు 1981లోనే వచ్చిన ఓస్బోర్న్ 1 కూడా దాదాపు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, ధర 1,795 డాలర్లు. 1982లో గ్రిడ్ కంపాస్ వచ్చింది. మూత మడిస్తే పుస్తకంలా మూసుకునే ఆకారం దాంతోనే జనానికి తెలిసింది. మెగ్నీషియం లోహపు డొక్కు, ధర 8 వేల డాలర్ల పైన. నాసా వాళ్ళు స్పేస్ షటిల్‌లోకి తీసుకెళ్ళారు. మామూలు మనుషులు కొనే వస్తువు కాదన్నమాట.

ఇక్కడొక చిన్న విషయం ఆలోచించండి. డెస్కుటాపు మీద నీళ్ళు పడితే ఏమవుతుంది? కీబోర్డు పోతుంది. ఇంకో కీబోర్డు కొని తగిలిస్తాం, ఐదారొందలతో సరి. మానిటరు వేరు, కీబోర్డు వేరు, డబ్బా వేరు. ల్యాప్‌టాపు అంటేనే ఈ మూడింటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి మూత వెయ్యడం. అంటే మనిషి చెయ్యీ, టీ కప్పూ తగిలే చోటుకి సరిగ్గా కిందే మదర్‌బోర్డుని పెట్టడం. ప్రమాదం ఆ ఆకారంలోనే ఉంది. దీన్ని తొలినాళ్ళ ఇంజినీర్లు మర్చిపోలేదు కూడా. థింక్‌ప్యాడ్లలో కీబోర్డు కింద చిన్న కాలువలు పెట్టి, పడిన నీళ్ళు అడుగునున్న రంధ్రాల్లోంచి కారిపోయేట్టు చేశారు. పాపం, ఎవరో నాలాంటివాణ్ణి చూసే చేసుంటారు.

1992 అక్టోబరులో వచ్చిన థింక్‌ప్యాడ్ 700సీ ధర 4,350 డాలర్లు. అంత పోసి కొనేది కంపెనీలే. కంపెనీలకి వందలకొద్దీ మిషన్లుంటాయి, అవి ఎక్కువరోజులు మూలపడి ఉండకూడదు. అందుకని ఏ స్క్రూ ముందు తియ్యాలి, ఏ భాగానికి ఏ నంబరు అనేది బొమ్మలతో సహా ఉండే మెయింటెనెన్సు మాన్యువళ్ళు బయటికి ఇచ్చేవాళ్ళు. డెల్, హెచ్‌పీ వాళ్ళు కూడా ఈ సర్వీసు మాన్యువళ్ళు నెట్లో పెట్టారు. మెమరీ, హార్డుడిస్కు, బ్యాటరీ, కీబోర్డు, వైఫై కార్డు అన్నీ విడివిడిగా ఊడొచ్చేవి. తెర వెనక వెలుగునిచ్చే సన్నటి ట్యూబులైటూ, దానికి కరెంటిచ్చే ఇన్వర్టరు ముక్కా ఉండేవి. తెర చీకటిగా అయిపోతే చాలాసార్లు పోయేది ఆ ఇన్వర్టరే. అది మారిస్తే చాలు, తెర మార్చక్కర్లేదు.

అదే 1992లో అమెరికా సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పిచ్చింది. కోడాక్ వాళ్ళు తమ జెరాక్సు మిషన్లకి విడిభాగాలు బయటి రిపేరు కంపెనీలకి అమ్మడం ఆపేశారు. వాళ్ళ వాదన ఏంటంటే, "మిషన్ల మార్కెట్లో మాకు గుత్తాధిపత్యం లేదు, బోలెడు పోటీ ఉంది, కాబట్టి రిపేర్లలో దోచుకునే అవకాశం మాకెక్కడిది? ఎక్కువ అడిగితే జనం వేరే కంపెనీ మిషను కొంటారుగా?" వినడానికి బానే ఉంది. కోర్టు ఆరుగురు జడ్జీలు అటూ ముగ్గురు ఇటుగా తీర్పిస్తూ, అలా కొట్టిపారెయ్యడానికి వీల్లేదంది. కొనేటప్పుడు ముందుముందు రిపేరుకెంతవుతుందో కొనేవాడికి తెలియదు. కొన్నాక ఇంకో కంపెనీకి మారాలంటే మిషను మొత్తం పారెయ్యాలి. అంటే కొన్న క్షణం నుంచీ వాడు చిక్కుకుపోయినట్టే. తర్వాత జ్యూరీ కూడా కోడాక్‌కి వ్యతిరేకంగానే తేల్చింది.

ఈ తీర్పు చదువుతున్నప్పుడు నా చేతిలో ఉన్న ఎస్టిమేటు కాగితమే గుర్తొచ్చింది. కొనేటప్పుడు ప్రాసెసరు చూశా, మెమరీ చూశా, ఈఎమ్మైకి వడ్డీ ఉందా లేదా చూశా. మదర్‌బోర్డు మార్చడానికి ఎంతవుతుందని అడిగానా? మీలో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

సరే, మలుపు ఎక్కడొచ్చిందంటే, ల్యాప్‌టాపు ఆఫీసులోంచి ఇంటికొచ్చినప్పుడు. ఇంట్లో వాడేవాళ్ళకి కావల్సింది సన్నగా, తేలిగ్గా, అందంగా ఉండటం. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కాగితం కవర్లోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించాడు గుర్తుందా? అందులో మెమరీని బోర్డుకే టంకం వేసేశారు. 2009లో మ్యాక్‌బుక్ ప్రోల బ్యాటరీ లోపలికి వెళ్ళిపోయింది, దాన్ని బిగించడానికి మామూలు స్క్రూడ్రైవరుకి లొంగని ఐదు రేకుల స్క్రూలు వచ్చాయి. 2011లో ఇంటెల్ వాళ్ళు అల్ట్రాబుక్ అని మొదలెట్టారు. 14 అంగుళాల లోపు తెరవున్నవి 18 మిల్లీమీటర్ల మందం దాటకూడదని షరతు. దాంతో విండోస్ కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. 2012 జూన్‌లో వచ్చిన రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో మెమరీకి టంకం, బ్యాటరీకి జిగురు. తెర, మూత కలిసి ఒకే ముక్క. ఐఫిక్సిట్ వాళ్ళు దానికి పదికి ఒకటి మార్కు వేశారు.

ఐఫిక్సిట్ పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. 2003లో కాలిఫోర్నియాలో కైల్ వీన్స్ అనే ఇంజినీరింగు కుర్రాడి ఐబుక్ పాడైంది. రిపేరు పుస్తకం కోసం వెతికితే ఎక్కడా దొరకలేదు. స్నేహితుడు ల్యూక్ సూల్స్‌తో కలిసి తనే విప్పి, విడిభాగాలు అమ్మడం, మాన్యువళ్ళు రాయడం మొదలెట్టాడు. చూడండి, 1981లో కంపెనీయే అచ్చేసి అమ్మిన సమాచారాన్ని ఇరవై రెండేళ్ళ తర్వాత కుర్రాళ్ళు తమంత తాము మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది. 2012లోనైతే ఆస్ట్రేలియాలో ఒకాయన ల్యాప్‌టాపుల సర్వీసు మాన్యువళ్ళు తన సైట్లో ఉచితంగా పెడితే, తోషిబా వాళ్ళు కాపీరైటంటూ లాయరు నోటీసు పంపి వాళ్ళ మాన్యువళ్ళని తీయించేశారు.

ఇప్పుడు నా లెక్క చెప్తా. రిపేరు ఖరీదు ఎందుకు పెరిగిందంటే, మార్చాల్సిన "ముక్క" సైజు పెరుగుతూ వచ్చింది. ఒకప్పుడు మార్చేది ఒక చిప్పు. తర్వాత ఒక కార్డు. ఇప్పుడు బోర్డు మొత్తం. ఆ బోర్డు మీదే ప్రాసెసరూ ఉంది, మెమరీ ఉంది, కొన్నిట్లో స్టోరేజీ కూడా ఉంది. యాభై రూపాయల ఐసీ పోయినా ఇరవై వేల ప్రాసెసరుని దాంతోపాటు చెత్తబుట్టలో వెయ్యాల్సిందే. స్టోరేజీ కూడా బోర్డుకే అంటుకుపోతే మన ఫొటోలు, ఫైళ్ళు దాంతోనే గోవిందా. కీబోర్డుని ప్లాస్టిక్ కరిగించి పై కవరుకి అతికేస్తారు కాబట్టి ఒక మీట పోతే కవరు మొత్తం మార్చాలి.

కంపెనీల పక్షం కూడా వినాలి కదా. సర్వీసు సెంటర్లో ఒక్కో బోర్డు ముందు గంటలకొద్దీ మల్టీమీటరుతో కూర్చునే నిపుణుణ్ణి పెట్టడం కన్నా బోర్డు మార్చి అరగంటలో పంపించడం వాళ్ళకి సులువు. జీతాలు ఎక్కువున్న దేశాల్లో అది లెక్కకి కూడా సరిపోతుంది. తక్కువ కరెంటు తాగే మెమరీ చిప్పులు ప్రాసెసరుకి బాగా దగ్గరగా ఉండాలి, సాకెట్టు పెడితే సిగ్నలు దెబ్బతింటుంది అన్నదీ అబద్ధం కాదు. పైగా సన్నగా కావాలని షాపులో అడిగింది మనమే. ప్రమాదంలో పగిలినదానికి వారంటీ రాకపోవడం కూడా న్యాయమే. వారంటీ తయారీ లోపానికి గానీ నా మంచినీళ్ళ గ్లాసుకి కాదు.

కానీ ఈ వాదనలన్నీ ఒక చోట ఆగిపోతాయి. 2017లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ల్యాప్‌టాపుకి ఐఫిక్సిట్ ఇచ్చిన మార్కు సున్నా. పాడుచెయ్యకుండా లోపలికి వెళ్ళడమే కుదరదని. రెండేళ్ళ తర్వాత, 2019లో వచ్చిన మూడో మోడలుకి 5. 2024లో వచ్చిన ఏడో మోడలుకి 8. అదే కంపెనీ, అదే సన్నదనం. భౌతికశాస్త్ర సూత్రాలు ఈ ఏడేళ్ళలో ఏమీ మారలేదు. మారింది మీటింగు రూములో తీసుకున్న నిర్ణయం. మెమరీ సంగతీ అంతే. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో ఊడదీసి మార్చుకోగల కొత్తరకం తక్కువ కరెంటు మెమరీ పెట్టింది. 2021లో ఫ్రేమ్‌వర్క్ అనే చిన్న కంపెనీ ప్రతి ముక్కా విడిగా మార్చుకునే ల్యాప్‌టాపు సన్నగానే చేసి చూపించింది.

ఇంకోటి. ప్రమాదానికి వారంటీ రాదంటారు కానీ, అదనంగా కడితే "యాక్సిడెంటల్ డ్యామేజి" ప్లాను అమ్ముతారు. నేను కొన్నప్పుడూ అడిగారు, వద్దన్నా. రిపేరు నాలుగు వేలయితే ఆ ప్లాను ఎవడు కొంటాడు? నలభై రెండు వేలయితేనే కొంటాడు. కుట్ర చేసి ధర పెంచారని నేననడం లేదు. ఆ ధర తగ్గించాలన్న తొందర మాత్రం ఎవరికీ ఉండదు.

చట్టాలు మెల్లిగా కదులుతున్నాయి. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాపుల మీద రిపేరు మార్కు పదికి ఎంతో రాయాలన్నారు. అందులో నాకు నచ్చింది, విడిభాగాల ధర కూడా ఆ మార్కులో ఒక లెక్క. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021 మే నెలలో రిపేరు ఆంక్షల మీద పెద్ద నివేదిక ఇచ్చింది. ఈ ఆంక్షల్ని సమర్థించుకోడానికి కంపెనీలు చెప్పే కారణాలకి ఆధారాలు పెద్దగా కనపడలేదని తేల్చింది. 2022 డిసెంబరులో న్యూయార్క్ చట్టం మీద సంతకం పడింది, కానీ ఆఖరి నిమిషంలో ఒక మెలిక పెట్టారు. కొన్ని సందర్భాల్లో విడి ముక్క బదులు మొత్తం సెట్టు అమ్మినా చాలట! అంటే మళ్ళీ మొదటికే వచ్చాం. 2023లో మిన్నెసోటా, కాలిఫోర్నియా చట్టాలొచ్చాయి. కాలిఫోర్నియాలో 100 డాలర్లు దాటిన వస్తువుకి ఏడేళ్ళపాటు విడిభాగాలు, మాన్యువళ్ళు అందుబాటులో ఉంచాలి.

మన దేశంలో? 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకి ఇవ్వట్లేదని. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయనుకోండి. కానీ కోడాక్ కేసులో వాదనే ఇక్కడా నిలబడింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, కార్లు, ఇంట్లో వాడే మిషన్లు, మొబైళ్ళు-ఎలక్ట్రానిక్సు దాని పరిధి. ఆ డిసెంబరులో ఒక పోర్టల్ పెట్టారు. 2025 మేలో రిపేరు మార్కుల పద్ధతి మీద ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది. పోర్టల్ చూశా. కంపెనీల ఫోన్ నంబర్లు, లింకులు ఉన్నాయి. నా 42,480 తగ్గించే మంత్రం మాత్రం అందులో లేదు.

ఇంతకీ నా ల్యాప్‌టాపు ఏమైందంటారా? సికింద్రాబాదు పారడైజు దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటరు మనందరికీ తెలిసిందే కదా. అక్కడో చిన్న షాపు. నాలుగడుగుల బల్ల, మైక్రోస్కోపు, హాట్ ఎయిర్ గన్ను. ఆ తమ్ముడు పది నిమిషాలు మల్టీమీటరు పెట్టి చూసి, "బోర్డంత మంచిగనే ఉందన్నా. గీ ఛార్జింగు ఐసీ ఒక్కటి షార్టయింది" అన్నాడు. పాత బోర్డులోంచి అదే ఐసీ తీసి వేశాడు, ఆల్కహాలుతో కడిగాడు, కవరు మార్చకుండా ప్లాస్టిక్ రివెట్లు గీకి కీబోర్డొక్కటే మార్చాడు. బోర్డుకి 2,500, కీబోర్డుకి 1,400. మొత్తం 3,900. మూణ్ణెల్ల గ్యారంటీ.

అతని స్క్రీను మీద నా బోర్డు సర్క్యూటు బొమ్మ ఉంది. ఎక్కడిదని అడిగితే నవ్వాడు. ఎవరో లీకు చేసినవి చేతులు మారుతుంటాయట. 1981లో కొట్లో కొనుక్కునే పుస్తకం ఇప్పుడు దొంగసరుకు. అమీర్‌పేటలో చిప్ లెవెల్ కోర్సు చేసి, లీకయిన బొమ్మతో, తుక్కులోంచి తీసిన ఐసీతో ఆ కుర్రాడు చేసిన పనిని కంపెనీ "మేం చూడం" అంది.

చివరగా మనవాళ్ళకి ఒక మాట. ఇప్పటిదాకా జిగురూ టంకమూ అంటూ హార్డువేరు వాళ్ళని తిట్టా. తర్వాతి తాళం మాత్రం మనదే. విడిభాగం సీరియల్ నంబరుని మిషనుకి ముడేసి, వేరే ముక్క పెడితే పనిచెయ్యకుండా చేసే పద్ధతి మొబైళ్ళలో వచ్చేసింది. ఎంత పెద్ద సమస్య కాకపోతే ఒరెగాన్ వాళ్ళు 2024లో దాన్ని నిషేధిస్తూ చట్టం చేస్తారు? ఆ తాళం స్క్రూ కాదు, జిగురు కాదు. ఒక ఇఫ్ కండిషను. దాన్ని ఏ రాక్షసుడూ రాయడు. ఏ హైదరాబాదులోనో, బెంగుళూరులోనో స్ప్రింటు మధ్యలో టికెట్టు వస్తే, మనలాంటి ఒకడు రాసి, ఇంకొకడు రివ్యూ చేసి, శుక్రవారం సాయంత్రం మెర్జ్ చేస్తాడు. ఆ టికెట్టు నాకొస్తే నేనేం చేస్తానో నాకు ఖాయంగా తెలియదు. ఈఎమ్మైలు నాకూ ఉన్నాయి. కనీసం "ఇది ఎందుకు?" అని ఆ టికెట్టు కిందే అడుగుతానని మాత్రం అనుకుంటున్నా. మీరైతే ఏం చేస్తారు?

అన్నట్టు మా మేనకోడలికి ఫోన్ చేసి ల్యాప్‌టాపు బాగైందని చెప్పా. సంబరపడిపోయింది. ఆ తర్వాత వాళ్ళమ్మ నేర్పిందో, సొంతమో గానీ, "ఇంకెప్పుడూ గ్లాసు పక్కన పెట్టుకోకేం మావయ్యా" అంది. ఈ టపా రాస్తున్నంతసేపూ గ్లాసు కిటికీ గట్టు మీదుంది :)